ఆ రెండు వేళ్లు

పోయిన గురువారం కరీంనగర్ నుంచి వస్తుంటే మా ఊరి చౌరస్తాలో బస్సు ఆగిపోయింది. ముందు ఒక గ్రానైటు లారీ మలుపు తిరగలేక అడ్డం పడింది. డ్రైవరు ఇంజను బంద్ చేసి దిగి బీడీ ముట్టించాడు. కిటికీలోంచి చూస్తే, ఇంటర్ పరీక్షలకు పోయే ఆడపిల్లలు నలుగురు కంచు విగ్రహం ముందు వరుస కట్టి ఉన్నారు. ఒక్కొక్కరే వంగి, విగ్రహం కుడిచేతి చూపుడు వేలినీ నడిమి వేలినీ పట్టుకుని, కళ్లు మూసుకుని, హాల్‌టికెట్టును వాటికి ఆనించి పోతున్నారు. ఈ అలవాటు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. రాసిన వేళ్లు ముట్టుకుంటే రాత మంచిగా వస్తుందని పిల్లల నమ్మకం. ఏడేళ్ల ఎండకు, వానకు విగ్రహమంతా నల్లబడింది. ఎందరో పిల్లల చేతులు తగిలిన ఆ రెండు వేళ్లు మాత్రం కొత్త బిందెలాగా మెరుస్తున్నాయి. నా పక్క సీట్లో ఉన్న ముసలాయన చేతులు జోడించాడు. నేను తల తిప్పుకున్నాను. ఎందుకంటే విగ్రహంలో ఉన్న ఆ మనిషికి ఆ రెండు వేళ్లు లేవు. ఆ సంగతి తెలిసి కూడా వాటిని అక్కడ పెట్టించినవాణ్ని నేనే.

ఆయన పేరు రాయను. రాయకపోయినా ఈ పక్క చదువుకున్నవాళ్లు పోల్చుకుంటారు. ఆయన పుట్టింది ఎక్కడో, పోయింది హైదరాబాదులో. మధ్యలో సుల్తానాబాద్ పక్కనున్న మా ఊళ్లో పద్నాలుగు నెలలు ఉన్నారు. ఆ పద్నాలుగు నెలల్లోనే ఆయనకు పేరు తెచ్చిన నవల తయారైంది. అందులోని బియ్యం మిల్లు మా ఊరిది, హమాలీలు మా ఊరివాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు మా వాడకట్టువాళ్లు. నవల మొదటి పేజీలో ‘ఆ ఇంటివారికి’ అని ఒక్క మాట ఉంటుంది. ఆ ఇల్లు మాది. ఆ ఒక్క మాటను మా ఇంటిల్లిపాదీ చిన్నప్పటి నుంచి పంచుకుని తిన్నాం. మా నానమ్మ తాను పెట్టిన పచ్చిపులుసు వల్ల ఆ మాట వచ్చిందనేది. మా బాపు తానిప్పించిన మంచం వల్ల అనేవాడు. నేను పుస్తకం చేతబట్టి తిరిగే వయసొచ్చాక, ఆయన నన్ను వేలుపట్టి బడికి తీసుకుపోయేవారు కాబట్టి అదంతా నా కోసమే అని చెప్పుకునేవాణ్ని. ఆ వేలు ఏ చేతిదో ఎవరూ అడగలేదు. ఎడమచేతిది.

విగ్రహం పెట్టాలన్న మాట మా ఊరి హమాలీ సంఘంలో పుట్టింది. ‘మా గురించి రాసినోడు, మాకు ఎండల నీడ లేకున్నా ఆయనకు గద్దె ఉండాలె’ అన్నారట. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను కాబట్టి నన్ను సెక్రటరీని చేశారు. అధ్యక్షుడు నా చిన్ననాటి దోస్తు, ఇప్పటి మిల్లు యజమాని. పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. చందాలు రకరకాలుగా వచ్చాయి. రైతులు కల్లం కాడ తట్టెడు వడ్లు పోశారు. బీడీ కార్ఖానా ఆడవాళ్లు ఒకనాటి పని ఇచ్చారు. దుబాయిలో ఉన్న మా ఊరి పిల్లలు డబ్బు పంపుతూ ఒక షరతు పెట్టారు. విగ్రహం ముఖం బస్టాండు దిక్కు ఉండాలి, ఊరికి రాగానే ముందుగా ఆయనే కనపడాలి అని. ఆయన ధోతి కట్టారా, ప్యాంటు వేశారా అన్న దాని మీద కమిటీ రెండు నెలలు కొట్లాడింది. హమాలీ పెద్ద మాత్రం నిలబడ్డ బొమ్మ వద్దన్నాడు. ‘ఆయన మా పెద్దలతోని కూసొని మాట్లాడిండట. నిలవడి ఉపన్యాసం ఇచ్చిండా?’ అన్నాడు. అట్లా మిల్లు బెంచీ మీద కూర్చుని, మోకాలి మీద కాగితాల అట్ట పెట్టుకుని, కుడిచేత్తో కలం పట్టుకున్న మనిషి ఖాయమయ్యాడు. హైదరాబాదులోని ఆయన మేనల్లుడు ఫోటోలు పంపాడు. ఏ ఫోటోలో చూసినా కుడిచేతి మీద శాలువా కొస ఉంది. పెద్దవాళ్లు అట్లాగే కప్పుకుంటారు అనుకున్నారందరూ. నేను ఏమీ అనలేదు. అప్పటికి అది మౌనమే.

ఆ పద్నాలుగు నెలల సంగతి ఇప్పుడు చెప్పాలి. ఆయన మా ఊరికి వచ్చింది మిల్లులో గుమాస్తా పనికి. మా ముందు గదిలో కిరాయికి దిగారు. మూడో నెలలో, ఒక హమాలీ అంగీ మిల్లు యంత్రం బెల్టులో చిక్కుకుంటే విడిపించబోయి, తన కుడిచేతి రెండు వేళ్లు ఇచ్చుకున్నారు. హమాలీ బతికాడు. అప్పటి మిల్లు యజమాని, అంటే నా దోస్తు తాత, చెయ్యి లేని గుమాస్తా నాకెందుకని లెక్క చేసి పంపేశాడు. కరీంనగర్ దవాఖానా నుంచి బాపు ఆయనను మళ్లీ మా ఇంటికే తోలుకొచ్చాడు. కిరాయి మాట ఎవరూ ఎత్తలేదు.

అదే ఏడు మా మేనత్త, బాపు చెల్లెలు, అత్తగారితో పడక మా ఇంట్లో ఉంది. ఇరవై దాటిన మనిషి, పదో తరగతి పాసయింది. పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆయన కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి పట్టుకుని ఎదురుగా కూర్చునేవారు. మనసులో ఉన్న కథ ఉబుసుపోకకు ఆమెకు చెప్పడం మొదలుపెట్టారు. ఒకనాడు అత్తమ్మ బీడీ చుట్టడం ఆపి అందట: ‘సారూ, చెప్పింది చెప్పినట్టే గాలికి పోతుంది. ఉండుండ్రి, కాయిదం తెస్త.’ ఆ రోజు నుంచి వెయ్యి బీడీలు ముగించాక చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, ఆయన చెప్తుంటే రాసేది. ఎంత కడిగినా కాగితాలకు తంబాకు వాసన పోలేదు. నవల ప్రెస్సుకు పోయినప్పుడు అక్కడివాళ్లు తుమ్మారని మా ఇంట్లో ఒక హాస్యం ఉండేది. ఆమె ఊరికే రాసే మనిషి కాదు. మధ్యలో కలం ఆపేది. ‘గిట్ల ఎవలేడుస్తరు సారూ? మా ఆడోళ్లు ఏడ్వాలంటె ముందుగాల పొయ్యి మీద కుండ దించుతరు’ అనేది. ఆయన ఒక నిమిషం చూసి, ‘కొట్టెయ్యి’ అనేవారు. నవల చదివిన ప్రతివాడికీ గుర్తుండే ఆ ఏడుపు దృశ్యంలో ముందు కుండ దిగుతుంది. పరిశోధన చేసినవాళ్లు దాని మీద పేజీలకు పేజీలు రాశారు. మొత్తం పది నెలలు ఆమె రాసింది. తర్వాత పెద్దమనుషులు కూర్చుని ఆమెను అత్తగారింటికి పంపారు. ఆయన హైదరాబాదు పోయి ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నారు. ‘ఆ ఇంటివారికి’ అన్న మాట ఎవరికి చెందాలో ఆమెకు తెలుసు. ఆమె ఎన్నడూ అడగలేదు, మేం ఎన్నడూ ఇవ్వలేదు.

శిల్పి షెడ్డు కరీంనగర్ అవతల, రాళ్లు కోసే యంత్రాల పక్కన ఉండేది. కంచు పోసే ముందు మట్టితో నిండు బొమ్మ చేస్తారు. దాన్ని తడిగుడ్డలతో చుట్టి ఉంచుతారు. ఆ మనిషిని కళ్లారా చూసినవాళ్లను పిలిచి చూపించి, ఔనంటే దాని మీద ప్లాస్టరు అచ్చు తీస్తారు. ఆ తర్వాత మార్చడానికి ఉండదు. దీన్ని శిల్పి ‘మట్టి చూసుడు’ అనేవాడు. చూసినవాళ్లందరినీ ఒక్కసారే రానిచ్చేవాడు కాదు. ఒకరి మాట ఇంకొకరికి అంటుకుంటుందని. చివరికి కమిటీ సెక్రటరీ ఒక కాగితం మీద సంతకం చేయాలి. మా ఊళ్లో రచయితను దగ్గరగా ఎరిగిన పెద్దవాళ్లలో అప్పటికి మిగిలింది అత్తమ్మ ఒక్కతే. ఆ హమాలీ పోయి చాలా ఏళ్లయింది. బాపు పోయాడు. ఆమెను పిలవకపోతే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే నా బుద్ధి ఎంతటిదో ఉంది.

వేసవి. అత్తమ్మను నా బావమరిది, అంటే ఆమె కొడుకు, కారులో తెచ్చాడు. నేనూ నా దోస్తూ అప్పటికే అక్కడున్నాం. మరునాడు పొద్దున అచ్చు తీయాలి. ఆవిష్కరణకు కలెక్టరు తేదీ ఇచ్చాడు, కార్డులు కూడా పంచేశాం. శిల్పి తడిగుడ్డలు ఒక్కొక్కటే విప్పాడు. అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, బొమ్మకు ఎదురుగా నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది.

‘గట్లనే. మూతి ఒక పక్కకు. గిప్పుడేదో అంటడు సూడు’ అంది.

నా దోస్తు ఊపిరి వదిలాడు. శిల్పి మాత్రం ఆమె కళ్లనే చూస్తున్నాడు. ఆమె చూపు మెడ దాటి, భుజం దాటి, కుడిచేతి మీదికి వచ్చి ఆగింది. ముందుకు నడిచింది. ఆ చేతిని తన అరచేతిలోకి తీసుకుంది. ఏం జరుగుతుందో మాకు తెలిసే లోపల చూపుడు వేలినీ నడిమి వేలినీ మెల్లగా ఒకవైపుకు వంచి, పిందె తెంపినట్టు తెంపేసింది. కలం కింద పడింది.

‘అమ్మా! ఏం జేస్తున్నవ్!’ అని నా దోస్తు కేక పెట్టాడు.

‘ఇవి ఆయనకు లేవు బిడ్డా’ అంది ఆమె. గొంతులో కోపం లేదు. ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

శిల్పికి కోపం రాలేదు. తీగె ముక్క ఒకటి తీసుకుని దగ్గరికి వచ్చాడు. ‘ఎంతవరకు లేవమ్మా?’ అని అడిగాడు. ఆమె తన చేతి మీదనే చూపించింది. ‘ఇది మొదటి కణుపు కాడికి. నడిమిది రెండో కణుపు కాడికి. గీడ తోలు ముడత పడి ఉంటుండె. చలికాలం గుంజుతుందంటే కొబ్బరినూనె రాసుకునెటోడు.’ శిల్పి తల ఊపాడు. ‘మరి కలం?’ అన్నాడు. ‘కలం నా చేతుల ఉండె’ అంది అత్తమ్మ.

నా బావమరిది తల్లి ముఖంలోకి చూశాడు. పుట్టిన నాటి నుంచి ఆ మాట అతను తమ ఇంట్లో ఎన్నడూ వినలేదు.

నా దోస్తు నా రెక్క పట్టుకుని బయటికి గుంజుకుపోయాడు. రాళ్లు కోసే చప్పుడులో గొంతు పెంచక తప్పలేదు. ‘నిజమేనారా?’ అన్నాడు. నేను రాళ్ల కుప్ప దిక్కు తల తిప్పుకున్నాను. ‘నిజమే అన్నట్టు. మా తాత మిల్లుల తెగినయి. మా ఇంట్ల గుసగుసగ విన్న. అరే, రేపు బస్టాండు ముందల కూసుంటడు ఆయన, తెగిన చెయ్యి పట్టుకొని. వచ్చేటోడు పోయేటోడు అడుగుతడు, ఎట్ల తెగినయని. నేనే గద్దె కట్టించి మా తాతను బజార్ల నిలవెట్టుకోవాల్నా?’

‘గట్లని కాదు...’ అన్నాను.

‘గట్ల కాకుంటె ఎట్ల? కలం లేని రచయితను ఎవడు జూస్తడు? సరే, మా సంగతి ఇడిసిపెట్టు. మీ అత్తమ్మ మొగనిల్లు ఇడిసి వచ్చి, కిరాయి మనిషి ముందట పది నెలలు కూసున్నదని గూడ గద్దె రాతి పలక మీద చెక్కిస్తవా? లోపట ఆమె కొడుకు ముఖం జూసినవా?’

చూశాను. దాన్ని ఒక సాకుగా వాడుకోవచ్చని కూడా ఆ క్షణంలోనే తెలిసింది. అత్తమ్మ మర్యాద కోసమే చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. దోస్తు మాట కాదనలేకపోయానని కూడా చెప్పుకున్నాను. అసలు సంగతి ఇంకా చిన్నది. ఆవిష్కరణ రోజు చదవడానికి నేనొక ఉపన్యాసం రాసుకున్నాను. ‘మన మట్టిని రాసిన చేయి ఇదే’ అని మొదలవుతుంది. నలభై ఏళ్లుగా ఎదురుచూసిన వేదిక అది. ఆ వాక్యం పోగొట్టుకోవడానికి నాకు మనసు రాలేదు.

మేం లోపలికి వచ్చేసరికి శిల్పి ఆ రెండు మట్టి వేళ్లను తడి గోనెసంచి మీద పక్కపక్కన పెట్టి ఉంచాడు. నన్ను చూసి నిటారుగా నిలబడ్డాడు. ‘సార్, సంతకం మీది. ఆయన్ను మీరు గూడ చూసిండ్రంటున్నరు. ఉన్నయా, లేవా? లేవంటే రాత్రంతా కూసొని చెయ్యి మారుస్త. నాకేం కష్టం లేదు.’

అందరూ నా వైపు చూశారు. నేను అత్తమ్మను చూడకుండా అన్నాను: ‘అత్తమ్మకు ఈ నడుమ జర మరుపు వస్తుంది. ఒకటి అనుకొని ఒకటి చెప్తుంది.’

‘నాకా?’ అంది ఆమె.

ఆ ఒక్క మాటే. ఎదురు వాదిస్తుందేమోనని భయపడ్డాను. వాదిస్తే బతికిపోయేవాణ్నేమో. ఆమె నన్ను చూసింది, కొడుకును చూసింది. ‘ఆయన నిన్ను బడికి తోలుకపోతుంటె, కుడిచెయ్యి పట్టుకుంటనని నువ్వు ఏడిస్తివి గదరా అల్లుడా. ఇది నొస్తది బాబూ అని ఎడమచెయ్యి ఇచ్చిండు’ అంది. నేను నేల చూశాను. ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది. ‘సరే, గట్లనే కానియ్యి’ అని, చేతికంటిన మట్టి కడుక్కోవడానికి నీళ్లడిగింది.

శిల్పి వేళ్ల కొసలు తడిపి, మళ్లీ అతికించి, అతుకు కనపడకుండా బొటనవేలితో నున్నగా రాశాడు. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. సంతకం చేయడానికి నాకు ఇంకా తక్కువే పట్టింది. కారు దాకా పోతుంటే బావమరిది నాతో మెల్లగా అన్నాడు: ‘బావా, అవ్వకు మరుపు వస్తుందని నాతోని ఎవ్వరు చెప్పలేదు. మంచిగ చెప్పినవు.’

ఆవిష్కరణకు ఆమెను తీసుకురాలేదు. జనంలో తప్పిపోతుందని వాళ్లింట్లో అనుకున్నారట. నా వాక్యానికి చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ తర్వాత హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పాత పాఠకుడు విగ్రహం ముందు నిలబడి, ‘ఆయన ఎడమచేతి వాటం కదండీ’ అంటే, ‘రెండు చేతులా రాసేవారు’ అని నవ్వి టీ తాగించాను.

కానీ నేను ఆ షెడ్డులో వదిలిన మాట అక్కడే ఉండిపోలేదు. అది కారెక్కి ఆమె ఇంటికి పోయింది. ముందు ఆమెను గ్యాసు పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు, బంద్ చేయడం మరచిపోతుందని. బీరువా తాళాలు కోడలి నడుముకు మారాయి. కరీంనగర్‌లో డాక్టరుకు చూపించారు. ఆయన వయసుకు తగ్గట్టే ఉన్నదన్నాడు. అయినా ముందు జాగ్రత్త అని ఏవో గోలీలు రాయించుకున్నారు. నేను పండుగకో పబ్బానికో పోతే, వాడకట్టు ఆడవాళ్లు ఆమెతో గట్టిగా, ఒక్కో మాట విడదీసి మాట్లాడటం చూశాను. చెవులు బాగానే ఉన్న మనిషితో. ఆమె ఏదైనా పాత సంగతి ఎత్తితే మనవలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవారు. ఒకసారి మజ్జిగ ఇస్తూ నన్నే అడిగింది: ‘ఉప్పేసిన్నా అల్లుడా?’ వేసింది. ‘వేసినవు అత్తమ్మా’ అన్నాను. ‘నిజంగనేనా?’ అంది. బీడీలు చుట్టేటప్పుడు లెక్క పెట్టకుండానే కట్టకు ఇరవై అయిదు పెట్టిన చేతులు అవి. మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాను. ఆ రోజూ నిజం చెప్పలేదు. ఏడేళ్లు.

గురువారం బస్సు కదిలాక నేను ఇంటికి పోలేదు. చౌరస్తా దాటగానే దిగి ఆటో ఎక్కి ఆమె ఊరికి పోయాను. బావమరిది గుమ్మంలోనే ఉన్నాడు. అత్తమ్మ లోపల మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తప్పు చేసినా ఎవరో ఒకరు మళ్లీ సరిచూసుకోవచ్చని ఆమెకు ఇచ్చిన పని అది. నేను ఆమె ముందు కింద కూర్చున్నాను. బావమరిది వినేటట్టు గట్టిగా చెప్పాను.

‘అత్తమ్మా, ఆనాడు షెడ్డుల నేను అబద్ధమాడిన. నీకు ఏ మరుపూ లేకుండె. సారుకు ఆ రెండు వేళ్లు లేవు. పుస్తకం నువ్వు రాసినవు.’

ఆమె చేతులు ఆగాయి. ‘లేవా?’ అంది.

‘లేవు.’

‘మరి బొమ్మకు ఉన్నయి గద? మొన్న దవాఖానకు పోతుంటె కారుల కెల్లి జూసిన. ఐదుకు ఐదు ఉన్నయి.’

‘నేను పెట్టించిన అత్తమ్మా.’

ఆమె నా ముఖంలో దేనికోసమో వెతికింది. గుమ్మం వైపు, కొడుకు వైపు ఒక్కసారి చూసింది. మళ్లీ చిక్కుడుకాయ తీసుకుంది. ‘ఏమో బిడ్డా. ఊరంత మొక్కుతుండ్రు. లేకుంటె ఎట్ల మొక్కుతరు? నాకు మరుపు గదా’ అంది. అది మరుపో, నన్ను ఇంటివాళ్ల ముందు నిలదీయకుండా వదిలేయడమో, తన కొడుకు ముందు ఆ పాత పది నెలలను మళ్లీ తెరవడం ఇష్టం లేకపోవడమో, నాకు అర్థం కాలేదు. ఎన్నటికీ కాదు కూడా. బావమరిది బయటి దాకా వచ్చి, ‘గిప్పుడు చెప్తె ఏం ఫాయిదా బావా’ అన్నాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ రచయిత కుడిచేతి చూపుడు వేలు మొదటి కణుపు దాకా, నడిమి వేలు రెండో కణుపు దాకా లేవు. ఒక హమాలీ ప్రాణం కోసం మా ఊరి మిల్లులో పోయాయి. ఆ నవలను అక్షరం అక్షరం కాగితం మీద పెట్టింది మా మేనత్త. కొన్నిచోట్ల దిద్దింది కూడా ఆమే. కొత్త రాతి పలక కోసం కమిటీకి కాగితం ఇచ్చాను. నా దోస్తు దాన్ని చదివి, మడిచి, కాదనకుండా జేబులో పెట్టుకున్నాడు. పలక పడవచ్చు, పడకపోవచ్చు. పడినా, దాన్ని చదివి ఇది నిజమేనని తల ఊపవలసిన మనిషి దగ్గర ఆ నిజం ఇప్పుడు ఉందో లేదో తెలియదు. దిద్దుకోవడానికి నాకు రెండు నిమిషాలు దొరికాయి, అప్పుడు మట్టి ఇంకా తడిగా ఉంది. ఆ తర్వాత గడిచిన ఏడేళ్లూ అది ఎండిపోవడానికి పట్టిన కాలమే.